ఫిడేలు నాయుడుగారు: శ్రీ ద్వారం వేంకటస్వామినాయుడుగారి చరిత్రము

రాజుల పట్టాభిషేక దినములును, యుద్ధములలో జయాపజయములు కలిగిన దినములును మనము చరిత్ర పుస్తకములనుండి కంఠస్థము చేయుచుందుము. పరీక్షలకు అవి యవసరములే. కాని లోకమునకు ఆనందమును పంచియిచ్చిన గాయకులయొక్కయు, వాద్యకారులయొక్కయు జన్మదినములను, వర్ధంతులను తలచువారు మనలో నరుదు. జర్మనీదేశమున బాక్, బీథోవెన్ మున్నగు సంగీత విద్వాంసుల శతవార్షికోత్సవములు జాతీయోత్సవములుగా జరుగును. కావేరీతీరమున తిరువయ్యారులో ప్రతి సంవత్సరము పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజస్వామివారి ఆరాధన జరుగును. 1847వ సంవత్సరమున ఆ మహాగాయకుడు సిద్ధిపొందిన తిథి యది. మన యుత్తరాంధ్రమునకు గూడ స్మరింపదగిన యట్టి దినములు కలవు. నవంబరు 8వ తేదియు, నవంబరు 25వ తేదియు నట్టివి. మొదటిది ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో జన్మించిన దినము. రెండవది వారు 1964లో పరలోకగతులైన దినము. ఒక్క మాసములోనే యీ రెండు దినములును వచ్చుటచే, నవంబరు మాసమున వారి చరిత్రమును మననము చేసికొనుట మనకు సులభముగా నున్నది.

నాయుడుగారు మనకు దూరపువారు కారు. నర్సీపట్నమునకు చేరువను, కొండల పాదమున నున్న మన గొలుగొండ నేడు అనకాపల్లి జిల్లాలోనిది. నాయుడుగారు తమ జీవితమునకు కార్యస్థానముగా చేసికొనిన విజయనగరము వేఱొక జిల్లాకు ముఖ్యపట్టణము. కాని 1979లో ఆ జిల్లా యేర్పడువఱకు ఈ రెండును విశాఖపట్టణపు జిల్లాలోనివే. కావున వారు జీవించియున్నంత కాలము మనమందఱము ఒక్క జిల్లావారమే. ఆ చనువుచేతనే వారి కథను మన విద్యార్థులకు చెప్పబూనుచున్నాము.

వేంకటస్వామినాయుడుగారు దీపావళి పండుగనాడు బెంగుళూరు నగరమున జన్మించిరి. వారి తండ్రిగారు సైన్యములో అధికారిగా నుండిరి. ఉద్యోగ విరమణానంతరము ఆ కుటుంబము విశాఖపట్టణము వచ్చి స్థిరపడెను. బాలుడు సముద్రతీరమునందలి ఆ పట్టణముననే పెరిగెను. దీపముల పండుగనాడు పుట్టిన యా బాలునకు కంటివెలుగు మాత్రము సరిగా లేకపోయెను. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. నల్లబల్లపై వ్రాసిన యక్షరము కనరాని పిల్లవానికి బడి యెట్టి చోటో మన విద్యార్థు లొకసారి యూహింపవలెను. తోడి పిల్లలు చదువుచుందురు, తాను వినుచుండును. తోడి పిల్లలు లెక్కలు కట్టుదురు; తానంకెను పోల్చుకొనలేడు. బుద్ధి చురుకైనదే యైనను అందఱును వానిని మందమతి యనుకొందురు. ఆ కాలమున నట్టి పిల్లలకు వేఱు బడులు మిక్కిలి యరుదు. మన దేశమున చూపులేనివారికి మొదటి పాఠశాలను 1887లో ఆనీ షార్పు అను మిషనరీ దొరసాని అమృతసర నగరమున స్థాపించెను. విశాఖపట్టణపు బాలునకు అమృతసర మెంత దూరము! బడితలుపు మూసికొనిన పిమ్మట ఆ బాలుని బ్రతుకు ఇంటిలో నొక మూలను ముగిసిపోయినను ఎవ్వరును ఆశ్చర్యపడియుండరు.

అట్లు ముగియకుండుటకు కారణము ఆయన యన్నగారు. వేంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వాద్యమున ప్రవేశము కలదు. చదువు మానిన తమ్మునకు ఆయన ఫిడేలు చేతికిచ్చి తామే మొదటి గురువైరి. ఈ యొక్క పని చేసియుండకపోయినచో తక్కిన చరిత్రమంతయు లేదు. అన్న యిచ్చిన యా వాద్యము తమ్మునకు కాలక్షేపముగా మొదలై జీవితమై పోయెను.

ఆ వాద్యమును గూర్చి కొంత చెప్పిననేగాని నాయుడుగారి గొప్పతనము బోధపడదు. ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. పదునాఱవ శతాబ్దమున ఇటలీదేశములోని క్రెమోనా మొదలగు పట్టణముల శిల్పులు దానికి నేటి రూపము నిచ్చిరి. కంపెనీవారి పరిపాలనకాలమున దొరల బ్యాండుమేళములతోపాటు అది చెన్నపట్టణమునకు వచ్చెను. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఒక ఐరోపా వాద్యకారునియొద్ద దానిని నేర్చి మన రాగములను దానిపై పలికించెను. తంజావూరి సోదరులు నలువురిలో నొకడగు వడివేలు దానియందు ప్రవీణుడు కాగా, తిరువాన్కూరు మహారాజగు స్వాతితిరునాళ్ 1834లో ఆయనకు దంతపు ఫిడేలు నొకదానిని బహూకరించెను. ఈ విధముగా పరదేశపు వాద్యము నూఱేండ్లు గడవకమునుపే మన పాటకచేరీలకు విడువరాని తోడయ్యెను.

ఐరోపావారు నిలువబడి ఫిడేలును గడ్డముక్రింద నానించి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, దాని తలను కుడిపాదముపై నానించి, నాలుగు తంత్రులను షడ్జపంచమములకు శ్రుతిచేసి వాయింతురు. అట్లు కూర్చుండినచో ఎడమచేయి స్వేచ్ఛగా పైకిని క్రిందికిని జారగలదు. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు ఊగుచు, జారుచు పోవుటయే మన సంగీతమునకు ప్రాణమగు గమకము. మన ప్రార్థనలలో మ్రోగు హార్మోనియమును అందఱు నెఱుగుదురు. దానిలో ప్రతిస్వరమునకు నొక మెట్టు కలదు; వ్రేలితో నొక్కినచో ఆ స్వరము పలుకును; రెండు మెట్లనడుమ నున్న నాదము పలుకదు. వీణెకు గూడ మెట్లున్నవి. ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలుంచవలసిన చోటునకు గుర్తు లేదు. వెండ్రుకవాసి జరిగినను అపస్వరము వచ్చును. ఆ చోటును కన్ను చూపదు, చెవియే చెప్పవలెను. చూపు మందమైన బాలునకు ఇంతకంటె తగిన వాద్యమును అన్నగారు వెదకి తెచ్చియుండజాలరు.

బాలుడు పెరిగి యువకుడయ్యెను. సంవత్సరములకొలది సాధనచేసి విశాఖపట్టణపు ప్రాంతమున మంచి వాద్యకారుడని పేరు పొందెను. ఇంతలో 1919వ సంవత్సరము వచ్చెను. ఆ యేట ఫిబ్రవరి మాసమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారు విజయనగరమున విజయరామ గానపాఠశాలను స్థాపించిరి. ఆ స్థాపనకు కారణముగా చెప్పుకొను కథ యొకటి కలదు. మహారాజుగారి కొలువులోని యుద్యోగి యొకరికి చూపులేని కుమారుడుండెను. ఆ బాలునకు సంగీతముతప్ప జీవనోపాయము వేఱు లేదని తలచి, వాని నిమిత్తము ప్రభువు పాఠశాలను తెఱపించి, తరువాత దానినందఱికిని విద్యాదానము చేయు స్థానముగా చేసిరట. ఒక్క చూపులేని పిల్లవానికొఱకు పుట్టిన పాఠశాల మన తెలుగుదేశమున సంగీతమునకు తల్లివంటిదయ్యెను.

ఆ పాఠశాలకు మొదటి యధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో అజ్జాడ గ్రామమున జన్మించిన యా మహనీయుడు హరికథకు పితామహుడని ప్రఖ్యాతి పొందినవారు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, వేలకొలది జనులను రాత్రుల తరబడి కూర్చుండబెట్టగల కంఠము వారిది. సంస్కృతాంధ్రములతోపాటు పారసీకము, ఆంగ్లము గూడ చదివిన పండితులు. అట్టివారి యెదుటికి వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరుటకు పోయిరనియు, దాసుగారు వారి వాద్యమును విని శిష్యునిగా గాక ఉపాధ్యాయునిగా నియమించిరనియు విజయనగరమున నేటికిని చెప్పుకొందురు. ఆ సంవత్సరముననే నాయుడుగారు ఆ పాఠశాలలో ఫిడేలు ఆచార్యులైరి. అప్పటికి వారి వయస్సు 26 సంవత్సరములు. బడిలో కూర్చుండి చదువలేకపోయిన బాలుడు విద్యాలయములో గురుపీఠమున కూర్చుండెను. వారి యింటిపేరు ద్వారము. ఒక ద్వారము మూయబడినను వారికి మఱియొక ద్వారము తెఱువబడెను. తెఱచినవారు మొదట అన్నగారు, పిదప దాసుగారు.

అప్పటి కచేరీలలో ఫిడేలు ప్రక్కవాద్యము. వేదికనడుమ గాయకుడు కూర్చుండును. ఫిడేలువాడు ప్రక్కను కూర్చుండి, గాయకుడు పాడిన దానిని వెంటనే వాయించుచు నీడవలె నడచును. గాయకుడే రాగమెత్తునో, ఏ చోట నిలుచునో, ఏ సంగతి వేయునో ముందుగా తెలియదు. తెలిసిన క్షణముననే అది తన తంత్రిపై పలుకవలెను. ఈ పని మిక్కిలి కఠినము. దీనివలన వచ్చు కీర్తి స్వల్పము. నాయుడుగారు ఆ కాలపు గొప్ప గాయకులకు ప్రక్కవాద్యము వాయించి వారి మన్ననకు పాత్రులైరి. ఐనను ఫిడేలునకు తనదైన కంఠము కలదని వారు గట్టిగా నమ్మిరి. మాటలులేని పాటకు శ్రోత యేల చెవియొగ్గును? సాహిత్యము వినరాకున్నను కీర్తనను గుర్తింపగలుగునట్లు, రాగభావమంతయు తంత్రినుండియే పుట్టవలెను. ఆ భారమునంతను మోయగలిగినప్పుడే వాద్యకారుడు వేదికనడుమకు రాగలడు. 1938లో వేలూరునందు నాయుడుగారు ఫిడేలుతోనే పూర్తి కచేరీ నడపిరి. కర్ణాటక సంగీతమున ఫిడేలు ప్రధానవాద్యముగా జరిగిన మొదటి కచేరీ అదియేయని చెప్పుదురు. అంతవఱకు ప్రక్కనున్న వాద్యము నాడు నడుమకు వచ్చెను.

నాయుడుగారి వాద్యమునందలి విశేషము నాదమే. చాలమంది వేగమునందు చూపు నేర్పును వారు నాదశుద్ధియందు చూపిరి. కమానును నిండుగా లాగి, తంత్రిని గీకుచున్నట్లు గాక పాడించుచున్నట్లు వాయించెడివారు. పాశ్చాత్యుల కమాను పద్ధతులను శ్రద్ధతో గమనించి, వానిలో మనకు పనికివచ్చు మేలును గ్రహించిరి. ఐనను వారు పలికించిన రాగము మన రాగమే. గమకము మన గమకమే. పరులనుండి పరికరమును, నేర్పును తీసికొని తన యాత్మను తాను నిలుపుకొనుట యెట్లో వారి కమానును చూచి నేర్వవలెను. తంబురా నాదపు లక్షణములను గూర్చి వారొక వ్యాసము గూడ వ్రాసిరి. కచేరీ మొదలగునప్పుడు శ్రుతికొఱకు మీటి, పిమ్మట అందఱును మఱచిపోవు వాద్యమది. దానిని గూర్చి యోచించి వ్రాసిన దానిని బట్టియే వారి చెవి యెంత సూక్ష్మమైనదో తెలియుచున్నది.

1936లో నారాయణదాసుగారు విరమింపగా నాయుడుగారు గానపాఠశాలకు అధ్యక్షులైరి. ఆ పాఠశాల తెలుగునాటికి చేసిన మేలు ఇంతింతయని చెప్పజాలము. కృష్ణాజిల్లానుండి చేతిలో డబ్బులేక వచ్చి, వారములు చేసికొని తిని, అచట సంగీతము నేర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తరువాత చలనచిత్రములద్వారా ప్రతి తెలుగింటికిని తెలిసినవారైరి. విజయనగరముననే 1935లో జన్మించిన పి. సుశీలగారు గూడ ఆ పాఠశాలలోనే సంగీతము నభ్యసించిరి. కావున నేడు మన పిల్లలు సినిమాపాటయని కూనిరాగము తీయు పాటలో గూడ ఆ పాఠశాలనుండి పాఱిన నీరు కొంత కలదు. నాయుడుగారి యింటిలో గూడ విద్య నిలిచెను. కుమారులు భావనారాయణరావుగారును, కుమార్తె మంగతాయారుగారును ఫిడేలు వాద్యమున ప్రసిద్ధులైరి. జనులు మాత్రము పెద్దవారిని ప్రేమతో ఫిడేలు నాయుడుగారనియే పిలిచెడివారు. మనుజునకును వాద్యమునకును ఒక్క పేరే యగుట సామాన్యమైన విషయము కాదు.

గౌరవములు వారిని వెదకికొని వచ్చెను. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతోపాటు చెన్నపట్టణమున జరిగిన సంగీతసభయొక్క ఫలితముగా, 1928లో మద్రాసు సంగీత అకాడమీ స్థాపితమయ్యెను. ఆ యకాడమీవారు 1941లో నాయుడుగారిని తమ వార్షికసభకు అధ్యక్షులుగా నెన్నుకొని సంగీత కళానిధి బిరుదము నిచ్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీయు లభించెను.

ఈ గౌరవములన్నిటికంటె మనకు ముచ్చట గొలుపు సంఘటన 1952లో జరిగెను. పాశ్చాత్యదేశముల ఫిడేలు విద్వాంసులలో అగ్రగణ్యుడగు యెహుదీ మెనూహిన్ ఆ యేట నెహ్రూగారి యాహ్వానముపై మన దేశమునకు వచ్చెను. చెన్నపట్టణమున ప్రధాన న్యాయమూర్తియగు పి. వి. రాజమన్నారుగారి యింట ఆయన నాయుడుగారి వాద్యమును విని మిగుల నానందించెను. ఇటలీలో పుట్టి, ఓడలో వచ్చి, మన నేలపై కూర్చుండుట నేర్చిన వాద్యమును, ఆ వాద్యపు స్వదేశమునకు చెందిన సంగీతపరంపరలో పెరిగినవాడు వచ్చి మన తెలుగువాని చేత వినెను. నేర్చుకొన్నవాడు నేర్పగల స్థితికి వచ్చుటయన్న నిదియే.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు 71వ యేట దేహమును చాలించిరి. 1993లో వారి శతజయంతి జరుపబడెను. ఆ సందర్భమున భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలబిళ్ల నొకదానిని వెలువరించెను.

శరీరమునందలి లోపమును మించి సంగీతమున వెలసినవారు లోకమున మఱికొందఱు కలరు. బీథోవెన్ తన తొమ్మిదవ సింఫనీ వియన్నా నగరమున 1824 మే 7వ తేదీన మొదటిసారి వినిపింపబడినప్పుడు, తన చెవులతో దానిని వినజాలని స్థితిలో నుండెను. చూపులేనివారికి చుక్కల లిపిని ప్రసాదించిన లూయీ బ్రెయిల్ (1809–1852) బాల్యముననే కన్నులు కోల్పోయి, పారిసునగరపు దేవాలయములలో ఆర్గను వాయించెను. అమెరికాలో నల్లజాతి ప్రజలలో పుట్టిన జాజ్ అను సంగీతమునకు వన్నెతెచ్చిన పియానో వాద్యకారుడు ఆర్ట్ టేటమ్ (1909–1956) ఇంచుమించు అంధుడే. వీరి కథలను చదివి, లోపమున్నవారందఱును తమంతట తామే గొప్పవారగుదురని మనము భ్రమపడరాదు. అన్నగారు ఫిడేలు చేతికియ్యనిచో వేంకటస్వామి యను బాలుని పేరు నేడెవ్వరికి తెలియును? అట్లు ఎవ్వరును చేయూత నియ్యకపోవుటచే తెలియకుండపోయిన బాలు రెందఱో! వారికి జయంతులు లేవు, తపాలబిళ్లలు లేవు.

కావున ఈ చరిత్రము నుండి మనము మూడు మాటలు గ్రహింపవలెను. ఉపాధ్యాయులు వెనుకబెంచీలో మౌనముగా కూర్చుండు పిల్లవానిని మందమతి యని తీర్మానించుటకు ముందు, వానికి నల్లబల్ల కనిపించుచున్నదో లేదో యడిగి చూడవలెను. తల్లిదండ్రులు పరీక్షలో తప్పిన బిడ్డను నిందించుటకు ముందు, ఆ బిడ్డ చేతులకేమి పని నచ్చునో కనుగొనవలెను. విద్యార్థులారా, మీలో చదువున ముందున్నవారు, వెనుకబడిన తమ్ములకును చెల్లెండ్రకును వేంకటకృష్ణయ్యగారివంటి యన్నలు కావలెను. ఇక నాయుడుగారివలె సాధనచేయుట యెవరి చేతిలోని పని వారిదే. దానిని వేఱొకరు చేసి పెట్టలేరు.

నాయుడుగారు గ్రామఫోను పలకలకు వాయించి యిచ్చిన కీర్తనలు నేటికిని వినవచ్చును. నవంబరు 8వ తేదీన మన పాఠశాలలో పదినిమిషములు వానిలో నొకదానిని వినిపించుట మంచిదని మా మనవి. పెద్ద ఖర్చు లేదు. ఉపన్యాసములతో పని లేదు. పిల్లలందఱును కన్నులు మూసికొని వినినచో చాలును.